పిక్క దగ్గర ఆగిన జిప్పు

కుడికాలి బూటు జిప్పు సగం దాకా ఎక్కి, పిక్క దగ్గర ఆగిపోయింది. ఇక పైకి పోదు, కిందికి రాదు.

షోరూమ్‌లో ఉన్న ఇద్దరు సేల్స్‌మన్లూ చెరోవైపు పట్టుకుని లాగారు. బూటు రాలేదు గానీ, ఆమె కూర్చున్న స్టూలు మాత్రం గాజు తలుపు దాకా వచ్చేసింది. చెప్పులు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం చెప్పుల సంగతి మర్చిపోయి ఈమెనే చూస్తూ నిలబడింది.

"ఎదురుగా బూట్లు కుట్టే అబ్బాయిని పిలవండి. పట్టకారు తెమ్మనండి," అన్నాడు మేనేజరు.

పట్టకారు అనేసరికి ఆమె గుండె గుభేలుమంది. ఆమె ట్రాఫిక్ కానిస్టేబులు. రోజూ జంక్షన్‌లో నిలబడి లారీలను ఒంటిచేత్తో ఆపే మనిషి. అలాంటిది పోయి పోయి ఒక జిప్పు చేతిలో దొరికిపోతానని కలలో కూడా అనుకోలేదు.

వచ్చినతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. రాగానే నేల మీద కూర్చుని బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కదలకండి మేడమ్."

"కదిలే పరిస్థితే ఉంటే ఈపాటికి ఇంటికెళ్ళిపోయేదాన్ని."

"నొప్పిగా ఉందా?"

"పరువు నొప్పిగా ఉంది. ఆ చూసేవాళ్ళను కాస్త అటు తిరగమనండి."

అతను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. అది ఆమె కంట పడింది.

"ఫర్వాలేదు, నవ్వండి. మీ బండి నంబరు ఎంత?"

"నాకు సైకిలేనండి."

"దానికి బెల్లుందా?"

అతను గబుక్కున తల దించుకుని, జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి జిప్పు పళ్ళకు రుద్దాడు. పట్టకారుతో చిన్నగా ఒక పట్టు పట్టాడు. జిప్పు సర్రున కిందికి జారింది. పిక్కకు గాలి తగిలి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మీ కాలిది తప్పేం లేదండి. ఈ బూటుదే తప్పు," అన్నాడతను.

"అందరూ అదే అంటారు. బూటు ఒప్పుకోవద్దూ?"

ఆ రోజు సాయంత్రం డ్యూటీ దిగాక ఆమె నేరుగా అతని షాపుకే వెళ్ళింది. వెళ్ళక చస్తుందా మరి? మూడేళ్ళుగా ఎండలో, పొగలో, హారన్ల మోతలో నిలబడింది. ఆ మూడేళ్ళూ మోటార్ సైకిల్ దళం పక్కనుంచి రివ్వుమని దూసుకుపోతుంటే ప్రాణం వాళ్ళ వెనకే పోయేది. పరీక్ష రాసి, బండి నడిపి చూపించి, ఎట్టకేలకు ఆ దళంలోకి సెలెక్ట్ అయింది. వచ్చే నెల మొదటి సోమవారం పరేడ్. మోకాలి దాకా నల్ల బూట్లు వేసుకుని నిలబడితే బండి తాళం చేతికిస్తారు. కానీ పోలీసు స్టోర్స్‌లో ఉన్న బూట్లన్నీ ఒకే కొలత, అవి ఆమె పిక్కల ముందు చేతులెత్తేశాయి.

"యూనిఫాం పూర్తిగా లేకపోతే బండి లేదు. నీ తర్వాత ఉన్నవాళ్ళకు ఇచ్చేస్తాను," అని ఇన్‌స్పెక్టర్ ముఖం మీదే చెప్పాడు.

ఆ పిక్కలు అసలు బామ్మవి. బామ్మ నుంచి నాన్నకు, నాన్న నుంచి ఆమెకు. ఆస్తిపాస్తులేవీ రాకపోయినా ఇవి మాత్రం ఏ వాటాల గొడవా లేకుండా వచ్చేశాయి.

షాపు ముందుగదిలో గోడ పొడుగునా బూట్ల అచ్చులుగా వాడే చెక్క కాళ్ళు వేలాడుతున్నాయి. లోపల అబ్బాయి వాళ్ళ నాన్న దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని తోలు కోస్తున్నాడు.

"సాయంత్రం వచ్చావు, మంచిపని చేశావమ్మా. పొద్దున కొలిస్తే ఆ బూటు సాయంత్రానికి పట్టదు. రోజంతా నిలబడ్డ కాలే అసలు కాలు," అన్నాడాయన.

అబ్బాయి టేపు చుట్టి చూశాడు. "పదిహేడు అంగుళాలు."

"కాస్త బిగించి చూడండి."

"ఇంకా బిగిస్తే టేపు తెగుతుందండి."

"అయితే పదహారుకు కుట్టండి. పరేడ్ నాటికి నేను తగ్గిస్తాను."

"పిక్కలు తగ్గిస్తారా?"

"జనం నడుములు తగ్గించుకోవట్లేదా?"

"నడుంలో కొవ్వుంటుందండి. ఇది కండ. ముట్టుకుంటే చెక్కలా ఉంది," అనేసి, ముట్టుకున్న సంగతి గుర్తొచ్చి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "చెక్క అంటే... మంచి చెక్కేనండి. టేకు."

"థాంక్స్. పదహారు."

అతను చెవి మీది సుద్దముక్క తీశాడు. ఆమె యూనిఫాం వైపు చూశాడు, కళ్ళ వైపు చూశాడు. సరేనని తలూపాడు. లోపల్నుంచి వాళ్ళ నాన్న దగ్గిన చప్పుడు వినిపించింది.

మర్నాటి నుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది. ఫోన్ వీడియోలో ఒకావిడ పిక్కలు సన్నబడాలంటే మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి లేస్తూ దిగుతూ ఉండాలంది. ఇంకొకాయన లిఫ్టు మానేసి మెట్లెక్కమన్నాడు. మరొకావిడ ఉప్పు మానేయమంది. ఆమె ముగ్గురి మాటా విన్నది. అవి చాలక రొట్టెల కర్రతో పిక్కలు రుద్దుకుని, కాళ్ళు గోడకు ఆనించి తలకిందులుగా పడుకుంది.

"అమ్మడూ, ఇంట్లో కుర్చీలు లేవా?" అంది బామ్మ.

"పిక్కలు తగ్గిస్తున్నా బామ్మా."

"ఎందుకే? మీ తాతయ్య పెళ్ళిచూపుల్లో నా కాళ్ళు చూసే ఒప్పుకున్నారు. మంచం పట్టినా మోసుకెళ్ళగలదన్నారు."

"అది మెచ్చుకోలా బామ్మా?"

"మోశాను కూడా."

ఇంట్లో చేసేది చాలదని జంక్షన్‌లోనూ మొదలుపెట్టింది. ఎర్ర లైటు పడగానే మునివేళ్ళ మీద లేవడం, దిగడం. ఇదేదో కొత్త సిగ్నల్ కాబోలనుకుని ఒక బస్సు డ్రైవరు ఆమె లేచినప్పుడల్లా బస్సును కాస్త ముందుకు పోనిచ్చి, దిగినప్పుడల్లా బ్రేకు వేశాడు. లోపల నిలబడ్డ ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఆమెను నానా మాటలూ అన్నారు.

శుక్రవారం సాయంత్రం కొలత. అబ్బాయి టేపు చూశాడు. ఆమె ముఖం చూశాడు. మళ్ళీ టేపు చూశాడు.

"ఒక గీత తగ్గిందండి."

ఆమె ముఖం వెయ్యి వాట్ల బల్బులా వెలిగింది. లోపల వాళ్ళ నాన్నకు మళ్ళీ దగ్గొచ్చింది.

"పాపం మీ నాన్నగారికి దగ్గు ఎక్కువైనట్టుంది," అని మర్నాడే దగ్గు బిళ్ళలు తెచ్చిచ్చింది.

తర్వాతి శుక్రవారం "రెండు గీతలు" అన్నాడు. పెద్దాయన కుర్చీ అదిరేలా దగ్గాడు. ఈసారి ఆమె దగ్గు మందు సీసా తెచ్చి, దగ్గరుండి రెండు చెంచాలు తాగించింది. ఆయన కొడుకు వైపు ఒక చూపు చూశాడు గానీ, కిక్కురుమనకుండా మింగేశాడు.

ఆ రోజే వాన పట్టుకుంది. రోడ్డంతా ఏరైపోయింది. ఇంటికెళ్ళే దారి లేక ఆమె షాపులోనే ఉండిపోయింది. అబ్బాయి ఆమె తడిసిన డ్యూటీ షూస్ తీసుకుని, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కాడు.

"ఇలా పెడితే తెల్లారేసరికి ఆరిపోతాయండి. ఎండలో మాత్రం పెట్టకండి, తోలు చిట్లుతుంది."

"మీకు అన్నీ తెలుసు."

"కాళ్ళ దాకా తెలుసండి. పైన ఏముంటుందో ఎప్పుడూ కనుక్కోలేకపోయాను."

"పైన ముఖం ఉంటుంది. చూడొచ్చు. చలానా రాయను."

అతను తలెత్తి చూశాడు. చూసినవాడు దించుకోవడం మర్చిపోయాడు. వాన తగ్గాక కూడా ఆమెకు వెళ్ళాలనిపించలేదు. అతనంటే తనకు ఇష్టమని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. రోజంతా హారన్లు కొట్టి తిట్టే జనం మధ్య నిలబడే మనిషికి, వారం వారం శుభవార్త చెప్పేవాడు దొరికితే ఇష్టపడక ఏం చేస్తుంది?

పరేడ్‌కు ముందు శనివారం బూట్లు సిద్ధమయ్యాయి. నల్లగా, ముఖం చూసుకునేంత నున్నగా ఉన్నాయి. అబ్బాయి కింద కూర్చుని కుడికాలికి తొడిగి జిప్పు పట్టుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. జిప్పు పిక్క దాటి మోకాలి దాకా ఆగకుండా వెళ్ళింది.

"పట్టింది," అందామె. "పదహారు అంగుళాల్లో పట్టింది. నేను సాధించాను."

లోపల్నుంచి దగ్గు. ఆమె వెంటనే సంచీలోంచి సీసా తీసింది.

పెద్దాయన కత్తి కింద పెట్టి లేచి వచ్చాడు. "అమ్మా, నీకో దణ్ణం. నాకు దగ్గు లేదు. వీడి అబద్ధాలకు అడ్డం పడలేక దగ్గుతున్నాను. నీ పిక్క తగ్గలేదు తల్లీ. ఆ మెట్లెక్కీ, వేళ్ళ మీద లేచీ అర అంగుళం పెరిగింది. ఈ బూటు పదిహేడున్నర."

ఆమె అబ్బాయి వైపు తిరిగింది.

"నిజమా?"

"మీ ముఖం వాడిపోతే చూడలేకపోయానండి."

"చూడలేకపోతే కళ్ళు మూసుకోవాలి. కొలత మార్చకూడదు. మీ మాట నమ్మి నేను నడిరోడ్డు మీద ఎగిరాను. ఆ బస్సు డ్రైవరు ఇప్పటికీ నన్ను చూసి చెయ్యి ఊపుతాడు. ఉప్పు లేని తిండి తిన్నాను. ఒక్కరోజైనా నిజం చెప్పాలనిపించలేదా?"

"ప్రతి శుక్రవారం అనిపించేదండి. మీరు రాగానే పోయేది."

ఆమె బూటు విప్పేసి బల్ల మీద పెట్టింది. మరో మాట లేకుండా బయటికి నడిచింది. రోడ్డు దాటేటప్పుడు మొదటిసారి సిగ్నల్ కూడా చూసుకోలేదు.

ఆదివారమంతా మూతి ముడుచుకుని కూర్చుంది. బామ్మకు జరిగిందంతా చెప్పక తప్పలేదు.

"నువ్వు ఏ కొలతకు కుట్టమన్నావు?" అడిగింది బామ్మ.

"పదహారు."

"వాడు దేనికి కుట్టాడు?"

"పదిహేడున్నర."

"నీ మాట విని కుట్టుంటే రేపు ఏం వేసుకునేదానివి?"

ఆమె దిండు అంచున దారం పీకుతూ కూర్చుంది.

"నోటితో అబద్ధమాడాడు, తప్పే. చేత్తో మాత్రం ఆడలేదు. నువ్వేమో వాణ్ణి చేత్తో కూడా ఆడమన్నావు," అని బామ్మ టీవీ సౌండు పెంచుకుంది.

ఆమెకు ఏడుపొచ్చింది. బండి పోతుందన్న ఏడుపు ఒకటి. ఇక శుక్రవారం సాయంత్రాలు ఆ షాపుకు వెళ్ళే పని ఉండదన్న ఏడుపు ఇంకొకటి. రెండోదే ఎక్కువగా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. అతనికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పరుగున వెళ్తే షాపుకు తాళం.

సోమవారం పొద్దున పాత షూస్‌తోనే పరేడ్ మైదానానికి బయల్దేరింది. చూస్తానని పట్టుబట్టి బామ్మ కూడా వెంటొచ్చింది. గేటు దగ్గర సైకిల్ పక్కన అబ్బాయి నిలబడి ఉన్నాడు. గుండెలకు హత్తుకుని ఒక సంచీ. అతన్ని లోపలికి రానివ్వకుండా కాపలా కానిస్టేబులు కర్ర అడ్డం పెట్టాడు.

"ఫోనెందుకు ఆపేశారు?" అడిగిందామె.

"తిడతారని."

"ఇక్కడ తిట్టననుకున్నారా?"

"తిట్టండి. కానీ ముందు ఇవి వేసుకోండి. లోపల విజిల్ వేస్తున్నారు."

ఆమె గేటు పక్క దిమ్మె మీద కూర్చుంది. అతను ఒక్కో బూటు తొడిగి జిప్పులు ఎక్కించాడు.

"ఇంకెప్పుడూ నాకు సంతోషం కోసం అబద్ధం చెప్పొద్దు. నిజం చెప్పి, ఏడిస్తే పక్కన కూర్చోండి. చాలు," అందామె.

"కూర్చుంటానండి."

అతను ఇంకేదో అనబోయాడు. రెండో విజిల్ వినిపించింది. ఆమె లేచి పరుగెత్తింది.

అందరూ వరసగా నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరినీ టోపీ నుంచి కాలి దాకా చూసుకుంటూ వచ్చి, ఆమె ముందు ఆగాడు. వంగి బూట్లు చూశాడు. కుట్టు చూశాడు. తన బూట్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఇవి స్టోర్స్‌వి కావు. ఎవరు కుట్టారు?"

ఆమె గడ్డం పైకెత్తి, ట్రైనింగ్‌లో నేర్పినట్టు ఎదురుగా చూస్తూ మైదానం అంతా వినపడేలా జవాబు చెప్పింది.

"మా ఆయన కుట్టారు సార్."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితం తిరగేశాడు.

"నీకు పెళ్ళి కాలేదని ఉందే ఇందులో."

"కాలేదు సార్."

"మరి?"

"ఇప్పుడే అనుకున్నాను సార్. ఆయనకింకా చెప్పలేదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టర్ మీసం కూడా కాస్త కదిలింది. బండి తాళం ఆమె అరచేతిలో పెట్టి, "చెప్పాల్సిన పని లేదనుకుంటా. గేటు దాకా వినిపించింది," అన్నాడు.

ఆమెకు తల తిప్పి చూసే వీల్లేదు. వెనక గేటు దగ్గర్నుంచి బామ్మ గొంతు మాత్రం మైకులో మాట్లాడినట్టు వినిపించింది.

"విన్నావా అబ్బాయ్?"

"విన్నానండీ."

"మరి అలా నిలబడిపోయావేం? పిక్కబలం చూపిస్తావా ఏం?"

"లేదు బామ్మగారూ. కాళ్ళు తేలిపోతున్నాయండి, కాస్త పట్టుకోండి."

అటెన్షన్‌లో ఉన్నవాళ్ళు నవ్వకూడదు. ఆమె నవ్వేసింది.