చావని సీసా

“సీసా గేటు దాటకూడదు. అంతే,” అన్నాడు చీఫ్.

“మరి పాప?”

“పాప సంగతి మర్చిపో.”

అడిగింది ఏజెంట్ కాకి. ఆ పాప అతని అన్న కూతురు. విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. వదిన సైంటిస్టు. ఏ యాంటీబయోటిక్ పోసినా చావని బాక్టీరియా ఒకటి ఆమె ల్యాబ్‌లో సీసాలో ఉంది. అదిస్తేనే పిల్లను వదులుతారట. అది వాళ్ల చేతిలో పడితే ఊళ్లకు ఊళ్లు మంచం పడతాయి.

“బేరానికి వచ్చేది చిలక,” అన్నాడు చీఫ్ మొహం తిప్పుకుని. చిలకను ఏజెంటుగా ముఠాలోకి పంపింది తనే. వెళ్లిన మనిషి అటే కలిసిపోయింది. కాకిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి కాకి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ల్యాబ్ చేరాడు. చెవిలో రేడియో, చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో ఒకే ఒక్క తూటా. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను ఎరువుల కంపెనీ ఏజెంటు.

“నువ్వా!” అంది వదిన.

“కంప్రెసర్ చూడమన్నారమ్మా,” అన్నాడు కళ్లతోనే బతిమాలుతూ. ఆమె నోరు మూసుకుంది.

ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే చిలక. “పాప కింద కారులో ఉంది డాక్టరమ్మా. సీసా ఇస్తే దిగుతుంది. అసలు సీసా ఏదో నన్నే చూసుకోనీ.”

మైక్రోస్కోపు తెరలు రెండు వెలుగుతున్నాయి, ఒక్కో తెర ముందు ఒక్కో సీసా. వెంట్రుకంత సన్నని కాలవల్లో, కొట్టంలో దూడల్లా, ఒక్కో కణం ఒక్కో గదిలో. వాటి మీదుగా మందు పారుతోంది. కుడి తెర మీద కణాలు మందు తాగి మరీ పిల్లల్ని పెడుతున్నాయి. ఎడమ తెర మీద సగం పగిలిపోయాయి, మిగతావి పుల్లల్లా పడున్నాయి.

“అసలుది ఎడమది,” అంది వదిన. “మందు ఉన్నంతసేపూ కదలవు. అది పోయాక లేస్తాయి.”

చిలక పకపకా నవ్వింది. “చచ్చినవి నాకు అంటగడతావా? బాగానే ఉంది!” కుడివైపు సీసా సంచిలో వేసుకుంది.

“అది కాదమ్మా! అది ఏ ఆసుపత్రి మురుగులోనైనా ఉండేదే. ఇంకో మందేస్తే చస్తుంది. ఇది తీసుకో, నా బిడ్డనివ్వు!”

“నటన చాల్లే.” చిలక ఫోనులో “పిల్లను దింపండి” అని తలుపు వైపు నడిచింది.

“కాల్చు!” అని చెవిలో చీఫ్ అరిచాడు.

స్క్రూడ్రైవర్ చిలక వీపుకు గురి చూసింది. ఆమె పడితే కారులో పాప బతకదు. పడకపోతే, వెళ్లేది అసలు సీసా అయితే? కాకి వదిన మొహం చూశాడు. పాలు పొంగిపోతే ఆ నేరం పిల్లి మీదికి నెట్టడం కూడా చేతకాని మనిషి. ఈ ఒక్కరోజులో అబద్ధం ఎక్కడ నేర్చుకుంటుంది?

చేయి దించేశాడు. చెవిలోంచి రేడియో పీకి జేబులో పడేశాడు.

కిటికీలోంచి చూస్తే, కింద కారు తలుపు తెరుచుకుంది. పుస్తకాల సంచీతో పాప దిగి గేటు కాపలావాడి పక్కకు చేరింది. చిలకను ఎక్కించుకుని కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

వదిన ఏడుస్తూనే ఎడమ కాలవల్లో మందు కడిగి తిండి పారించింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి ఒక పుల్ల సాగింది, రెండయింది.

“నిజంగా దీన్నే ఇచ్చేసేదానివా వదినా?”

“ఇచ్చేదాన్నే. పాప కారులో ఉండగా నువ్వు నిజంగా కాల్చేవాడివా?”

కాకి స్క్రూడ్రైవర్ పిడి విప్పి, తూటా తీసి బల్ల మీద పెట్టాడు.

“సరేలే. వెళ్లి పిల్లను ఎత్తుకో,” అందామె కళ్లు తుడుచుకుని. “ముందు చేతులు కడుక్కో. ఇవాళ మనిద్దరం ముట్టుకున్నవేవీ మంచివి కావు.”