పదైదు దినాల నోటీసు

సెప్టెంబర్ 17. బుధవారం. ఉదయం 6.10.

పుంగనూరు పరుపుల వీధి చివర కొత్త కాంప్లెక్సుకని తవ్విన పునాది గుంత ఉంది. అందులో ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. పాలు పోయడానికి వచ్చిన ఆడమనిషి చూసి పెట్టిన కేకకు వీధంతా లేచి వచ్చింది.

6.40కి ఎస్.ఐ. రాహేలు జీపు దిగింది. మదనపల్లె మనిషి. నర్సు కూతురు. పుంగనూరుకు వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు.

"జరగండప్పా."

ఎవరూ జరగలేదు.

"మా ఇండ్లు పోతాండాయి మొర్రో అంటే ఒక్కరూ రాలేదు. పీనుగ లేస్తే మాత్రం జీపులొస్తాండాయి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. అది నవ్వులాంటి నవ్వు కాదు.

కానిస్టేబుల్ ఉమాపతి లాఠీ అడ్డంపెట్టి దారి చేశాడు. రాహేలు గుంతలోకి దిగింది.

తిమ్మప్ప. యాభై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో గోడలకు పోస్టర్లు అంటించేవాడు. ముఖం మెత్తటి బురదలో కూరుకుపోయి ఉంది. తల వెనక పగిలింది.

"చీకట్లో కాలుజారి పడినట్లుండాడు మేడమ్" అన్నాడు ఉమాపతి.

"బోర్లా పడినోడికి తల వెనక యాల పగిలింది?"



గుంత గట్టు మీద పాత పెయింటు బకెట్, పక్కన బ్రష్. బకెట్‌లో తల దూర్చి ఒక పొట్టి ఎర్రావు నిలబడి ఉంది. ఉమాపతి అదిలించాడు. ఆవు తల ఎత్తి, మూతి నాకుతూ తీరిగ్గా నడిచిపోయింది. బకెట్ లోపల తుడిచినట్టు ఉంది.

పంచనామాలో రాహేలు రాయించింది: ఖాళీ బకెట్ ఒకటి. బ్రష్ ఒకటి.

"మేడమ్, మీరు వెతకాల్సిన పనిలేదు. మనిషి ఈడే ఉండాడు."

ఆ మాట అన్నది రాజగోపాల్. గుంత అతనిది. కుప్పం మనిషి. గుడుపల్లె దగ్గర గ్రానైట్ వ్యాపారం. తెల్ల చొక్కా, మడత నలగలేదు. అతని వేలు జనంలో ఒక మనిషి వైపు చూపిస్తోంది.

"ఖాసిం. పరుపులు కుట్టేవాడు. నిన్న సాయంత్రం ఆరుకు తిమ్మప్ప కాలర్ పట్టుకోని గోడకేసి అదిమినాడు. సంపుతా అన్నాడు. అందరూ విన్నారు. అడగండి."

రాహేలు జనం వైపు తిరిగింది. ఎవరూ కాదనలేదు.

*

ఆ తగాదా వెనక సంగతి ఇది.

రాజగోపాల్ పరుపుల వీధిలో నాలుగిళ్లు కొన్నాడు. వీధి మొత్తాన్ని రెసిడెన్షియల్ జోన్ నుంచి కమర్షియల్ జోన్‌కు మార్చమని మున్సిపల్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టాడు. జోన్ మారితే రోడ్డు నలభై అడుగులు కావాలి. అంటే ఒక్కో ఇంటి ముందర ఎనిమిది అడుగులు పోతుంది. ఖాసిం ఇల్లు ఇరవై అడుగుల లోతు. ముందు ఎనిమిది అడుగుల్లోనే దూది ఏకే మిషన్ ఉంది. అది పోతే కూడు పోయినట్టే.

అలా మార్చాలంటే అప్లికేషన్ పెట్టినవాడు వీధి గోడ మీద నోటీసు అంటించి పదైదు దినాలు ఉంచాలి. మొదటి రోజు, చివరి రోజు ఫోటోలు తీసి ఇవ్వాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ లోపల రాసి ఇవ్వాలి.

పదైదు దినాలు అయిపోయాయి. అభ్యంతరం ఒక్కటీ రాలేదు. ఎందుకంటే నోటీసు తాము చూడనే లేదని వీధివాళ్లు అంటున్నారు. రేపు గురువారం పదకొండు గంటలకు హియరింగ్ అని వీధికి నిన్ననే తెలిసింది.

*

ఉదయం 8.20. ఖాసిం ఇల్లు.

"కాలర్ పట్టుకున్నావా?"

"పట్టుకున్న్యా."

"ఎందుకు?"

"నోటీసు యాడ అంటించినావురా అని. ఊళ్లో గోడకు కాగితం అంటించేది ఆయప్ప ఒక్కడే."

"ఏమన్నాడు?"

"నేను అంటించలేదు ఖాసిమప్పా అన్నాడు. అబద్ధం అన్న్యా."

"సంపుతా అన్నావా?"

"అన్న్యా. నీ ఇంటి ముందర ఎనిమిది అడుగులు కోస్తే నువ్వూ అంటావు."

"ఈ పొద్దు తెల్లారేలోపల యాడ ఉన్నావు?"

"పండుకోని ఉండాను."

"నమాజుకు పోలేదా?"

"రాత్రంతా నిద్రలేదు. పోలేదు."

"చూసినోళ్లు?"

"మా అమ్మ."

మూల కూర్చున్న మైమూన్ బీ తల ఎత్తింది. "నా మాట రాసుకుంటావా తల్లీ? లేకుంటే అమ్మ మాట చెల్లదంటావా?"

రాహేలు నోట్‌బుక్ మూసింది. ఖాసింను జీపు ఎక్కించింది. జీపు వెనక మట్టిగడ్డ ఒకటి వచ్చి తగిలింది. ఎవరు వేశారని ఆమె అడగలేదు.

*

10.15. రాజగోపాల్ స్టేట్‌మెంట్.

"తిమ్మప్పను చివరగా ఎప్పుడు చూశారు?"

"పొద్దున 5.10. నేనే రమ్మన్యాను. సైటు చుట్టూ షాపులు బాడుగకు అని పోస్టర్లు అంటించాలని. బకెట్ చేత్తో పట్టుకోని వచ్చినాడు. మాట్లాడి 5.20కి నేను కారెక్కినాను."

"ఫోన్ ఎప్పుడు చేశారు?"

"నిన్న 8.10కి."

"అంటే తగాదా అయిన రెండు గంటలకు."

"అవును. దానికేం?"

"ఏం లేదు. నోటీసు ఎవరు అంటించారు?"

"తిమ్మప్పే. ఫోటోలు సూడండి." ప్రింట్లు రెండు టేబుల్ మీద పడ్డాయి. ఒకదాని మీద సెప్టెంబర్ 1, ఇంకోదాని మీద సెప్టెంబర్ 15. రెండింట్లోనూ ఖాసిం ఇంటి గోడే. నడుమెత్తున తెల్ల కాగితం. "చదువుకునే తీరికలేక, ఇప్పుడు మాకు తెలీదంటే నడుస్తాదా మేడమ్? అట్లాంటి మనుషులు వాళ్లు."

"ఎట్లాంటి మనుషులు?"

రాజగోపాల్ నవ్వి ఊరుకున్నాడు.

స్టేట్‌మెంట్ ఇచ్చిన అందరి వేలిముద్రలతో పాటు అతనివీ తీసుకున్నారు. ఖాసింవి అంతకుముందే అయ్యాయి.

*

మధ్యాహ్నం 1.30. కొడుక్కు అన్నం తెచ్చిన మైమూన్ బీ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది. రాహేలు ఆమెకు ఫోటోలు చూపించింది.

"మీ గోడేనా?"

"మా గోడే."

"పదైదు దినాలు మీ గోడ మీద కాగితం ఉంటే కనపడలేదా?"

ముసలామె ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకుంది. దూరం పెట్టింది. తర్వాత పడీపడీ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"పదైదు దినాలా? మా గోడ మీదా? ఇంత కిందా?"

"యాల నవ్వుతావు?"

"నేను చెప్తే నువ్వు రాసుకోవు కదా. ఒక పూట మా వీధిలో నిలబడి సూడు పో. కండ్లుండాయి కదా."

ఒళ్లు మండినా రాహేలు పోయింది. మూడు గంటల నుంచి నాలుగున్నర దాకా పరుపుల వీధిలో నిలబడింది. ఎవరూ కుర్చీ వేయలేదు. మంచినీళ్లు అడిగితే ఇచ్చారు గానీ ముఖం చూడలేదు. ఆమె గోడలు చూసింది. సినిమా పోస్టర్లు, కోచింగ్ సెంటర్ పోస్టర్లు. మనిషి తల కన్నా పైనున్నవి నిండుగా ఉన్నాయి. కిందున్నవి పీలికలు. ఆమె చూస్తుండగానే ఇంకో పీలిక పోయింది. ఎలా పోయిందో కూడా చూసింది.

అక్కడినుంచి నేరుగా తిమ్మప్ప ఇంటికి పోయింది. భార్య కమలాక్షి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, పొద్దున పోయేటప్పుడు ఏం తీసకపోయినాడు?"

"ఏమీ లేదు. మాట్లాడి వస్తా అన్నాడు. రేపు ఆఫీసుకు పోయి నేను అంటించలేదని చెప్తానన్నాడు. ముప్పై ఏండ్లలో నా పనికి ఎవురూ వంక పెట్టలేదు, నిన్న నడివీధిలో కాలర్ పట్టిచ్చుకున్న్యా అని రాత్రి అన్నం ముట్టలేదు."

"ఆ మాట ఇంకెవరికైనా చెప్పినాడా?"

"ఫోన్లో ఆ రాజగోపాల్‌కే చెప్పినాడు. అప్పుడే పొద్దున్నే రమ్మన్నాడంట."

"ఆయన బకెట్ యాడుంది?"

కమలాక్షి ఇంటి వెనక్కి వేలు చూపించింది. రాహేలు పోయి చూసింది. వచ్చి ఫింగర్‌ప్రింట్ టీమ్‌కు ఫోన్ చేసింది. "గుంత దగ్గర దొరికిన బకెట్ పిడి. ముందు అది చూడండి."

సాయంత్రం 6.50కి వేలిముద్రల రిపోర్టు వచ్చింది. తల వెనక నుంచి గట్టి దెబ్బ, టైం 5 నుంచి 5.30 మధ్య అని మదనపల్లె ఆసుపత్రి పోస్ట్‌మార్టం రిపోర్టు అప్పటికే టేబుల్ మీద ఉంది.

*

గురువారం. ఉదయం 7 గంటలు. ఖాసిం ఇంటి గోడ ముందు.

రాహేలు అందర్నీ పిలిపించింది. ఖాసిం కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డాడు. రాజగోపాల్ వాచీ చూసుకుంటున్నాడు. కమలాక్షి గోనెసంచిలో ఏదో పట్టుకుని కూర్చుంది. వీధంతా చుట్టూ మూగింది.

"పదకొండుకు నాకు హియరింగ్ ఉంది మేడమ్."

"ఉండండి. అందరికీ ఉంది."

ఆమె సైగ చేసింది. ఉమాపతి మైదా గంజి పూసి నోటీసు కాపీ ఒకటి గోడకు అంటించాడు. ఫోటోలో ఉన్న చోటే, నడుమెత్తున.

7.05.

7.11కి సందులోంచి పొట్టి ఎర్రావు వచ్చింది. గోడ వాసన చూసింది. కింది మూల నాకింది. పళ్లతో పట్టి లాగింది. కాగితం సగం చీలి దాని నోట్లోకి పోయింది. జనంలో నవ్వు లేచింది.

"జోన్ మార్పు నమిలేస్తాంది సూడండ్రా!"

7.14కి గోడ మీద తడి మరక మిగిలింది.

"మూడు నిమిషాలు" అంది రాహేలు. "రాజగోపాల్‌గారూ, మీ కాగితం ఇదే గోడ మీద, ఇదే ఎత్తులో, పదైదు దినాలు మూల కూడా నలగకుండా ఎట్ల నిలిచింది?"

రాజగోపాల్ తడుముకోలేదు. "మీరు ఒట్టి మైదా పూసినారు. తిమ్మప్ప గంజిలో మైలుతుత్తం కలుపుతాడు. అది చేదు. గొడ్డు మూతి కూడా పెట్టదు. నేనెన్నిసార్లు పని చెప్పినాను, నాకు తెలీదా?"

"తిమ్మప్ప ఎప్పుడూ కలుపుతాడా?"

"ఎప్పుడూ."

"కలపకుండా ఒక్కసారైనా...?"

"ఆయప్ప సంగతి ఊరంతా తెలుసు. కలపకుండా బ్రష్ ముట్టడు."

"సంతోషం" అంది రాహేలు. "ఉమాపతీ, నిన్న పొద్దున గుంత దగ్గర ఆవు ఏం చేస్తా ఉండింది?"

"బకెట్‌లో గంజి తాగుతా ఉండింది మేడమ్. అడుగు దాకా నాకేసింది."



రాహేలు కమలాక్షి వైపు చెయ్యి చాపింది. కమలాక్షి గోనెసంచిలోంచి బకెట్ తీసి నేల మీద పెట్టింది. లోపలంతా నీలంగా, రాయిలా పట్టిన ముప్పై ఏళ్ల తుత్తం.

"ఇది తిమ్మప్ప బకెట్. నిన్న ఇంట్లోంచి కదల్లేదు. గుంత దగ్గరున్నది ఆయనది కాదు. పని చేస్తా చేస్తా కాలుజారి పడినాడని అనుకోవాలని ఎవరో తెచ్చి పెట్టినారు. ఆ మనిషికి మైదా కలపడం వచ్చు, తుత్తం కలపాలని తోచలేదు. ఆయన బకెట్ పట్టుకోని వచ్చినాడని నాకు చెప్పింది ఈ ఊళ్లో ఒక్కరే."

రాజగోపాల్ ముఖం బిగిసింది. "వేరే బకెట్ తెచ్చుకోని ఉంటాడు."

"అయితే బకెట్ పిడి మీద ఆయన వేలిముద్రలు ఉండాల. ఒక్కటీ లేదు. మీవి నాలుగుండాయి."

"నా సైటు. నేను పక్కకు జరిపింటాను."

"5.20కి పోయినానన్నారు. అప్పుడు తిమ్మప్ప బతికే ఉన్నాడు, బకెట్ ఆయన చేతిలోనే ఉంది. అది మీరు సంతకం పెట్టిన మాట. ఎప్పుడు జరిపినారు?"

రాజగోపాల్ మళ్లీ వాచీ చూసుకున్నాడు.

"నోటీసు మీరే అంటించినారు. ఒక తెల్లవారుజామున, పది నిమిషాలు. ఫోన్‌లో తేదీ మార్చి రెండు ఫోటోలు తీసి, చించేసినారు. పని తెలిసినోడైతే నిచ్చెన వేసుకోని పైన అంటిస్తాడు. మీరు చెయ్యి అందినకాడ అంటించినారు. నేను అంటించలేదని తిమ్మప్ప ఆఫీసులో చెప్తే మీ కాంప్లెక్సు గుంతలోనే ఉండిపోతాది. అందుకని ఆయన్ను గుంతలో వేసినారు. మీ షెడ్డులో కడిగి పెట్టిన గడ్డపార రాత్రే ల్యాబుకు పోయింది."

"ఒక పోస్టర్లోడి కోసం..." అని రాజగోపాల్ మొదలుపెట్టాడు.

"పేరుండాది ఆయనకు!" కమలాక్షి లేచి నిలబడింది. "తిమ్మప్ప అను!"

అతను అనలేదు. జనం ముందుకు కదిలారు. ఉమాపతి లాఠీ ఈసారి రాజగోపాల్ చుట్టూ అడ్డం పడింది. జీపు దాకా ఉమ్ములు తప్పించుకోవడానికి అతని తెల్ల చొక్కాకు వీలు కాలేదు.

రాహేలు ఖాసిం దగ్గరకు వచ్చింది. "పొరబాటు పడినాను ఖాసిమప్పా."

ఖాసిం ఆమెను చూడలేదు. కమలాక్షిని చూస్తున్నాడు.

"నువ్వు నాతో చెప్పినావు. అయిపోయింది. నేను తిమ్మప్పతో చెప్పాల. యాడికి పోయి చెప్పేది?"

*

11 గంటలు. మున్సిపల్ ఆఫీసు. హియరింగ్.

రాజగోపాల్ రాలేదు. అతని బామ్మర్ది లాయరుతో వచ్చాడు. "మా బావ మీద కేసు వేరే. అప్లికేషన్ వేరే. మేము వెనక్కి తీసుకోం" అన్నాడు. వీధివాళ్ల వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఎన్ని దినాలు ఆపుతారో మేమూ సూస్తాం."

ఆఫీసరు రాహేలు ఇచ్చిన రిపోర్టు చదివాడు. కళ్లజోడు తీశాడు.

"పాత నోటీసు చెల్లదు. కొత్తగా నోటీసు ఇస్తాం. ఈ రోజు నుంచి పదైదు దినాలు టైం. అభ్యంతరాలు ఆ లోపల ఇవ్వండి. అందరూ వెళ్లొచ్చు."

బామ్మర్ది లేచాడు. లాయరు లేచాడు. ఖాసిం మాత్రం టేబుల్ దగ్గరకు నడిచాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి పెట్టాడు. కింద మైమూన్ బీ వేలిముద్ర ఇంకా తడి ఆరలేదు.

"అభ్యంతరం సార్. రసీదు ఇయ్యండి."

"పదైదు దినాలు ఉంది కదయ్యా. తొందరేముంది?"

"పోయినసారీ పదైదు దినాలే సార్."

ఆఫీసరు అతన్ని చూశాడు. అతని వెనక చూశాడు. గుమ్మం దాటి, వరండా దాటి, మెట్ల దాకా పరుపుల వీధి వరసలో నిలబడి ఉంది. ప్రతి చేతిలో ఒక కాగితం. మూడో మనిషి కమలాక్షి.

ఆఫీసరు సొరుగు లాగి స్టాంపు తీశాడు.