ఒట్టి తీగ మీద క్లిప్పులు

శుక్రవారం మధ్యాహ్నం ఇంగ్లీషు పీరియడ్‌లో వసపిట్ట లేచి నిలబడేసరికి, ఆ పిల్ల చొక్కా అంచు నిండా బట్టల క్లిప్పులు వేలాడుతున్నాయి. అసలు పేరు వేరే ఉంది. కానీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఇంట్లోనూ బడిలోనూ అందరూ వసపిట్ట అనే పిలుస్తారు.

ఆ క్లాసులో అదో పద్ధతి. ఇంగ్లీషులో వాక్యాలను కలిపే పెద్ద మాట ఒకటి వాడితే, టీచర్ వచ్చి చొక్కాకి ఒక క్లిప్పు పెడతారు. 'అండ్', 'బట్'లకు క్లిప్పు లేదు. 'మోరోవర్', 'ఫర్దర్‌మోర్', 'కాన్సిక్వెంట్లీ', 'నెవర్‌దిలెస్' లాంటివాటికే. శుక్రవారానికి ఎవరి క్లిప్పులు ఎక్కువైతే వాళ్ళు వాటిని ఇంటికి తీసుకెళ్ళవచ్చు, సోమవారం తిరిగి తేవాలి.

"మా స్కూలు పెద్దది," అంది వసపిట్ట ఇంగ్లీషులో. "మోరోవర్, దానికి కిటికీలున్నాయి. ఫర్దర్‌మోర్, తలుపులున్నాయి. కాన్సిక్వెంట్లీ, మేము లోపలికి వెళ్తాం."

క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వాపుకుంటూ క్లిప్పులు పెట్టారు.

"మాటలు బాగా వచ్చాయి. వాటితో ఏం చెప్పాలన్నది కూడా ఆలోచించు," అన్నారు.

మొదటి వాక్యం విని వసపిట్ట పొంగిపోయింది. రెండోది చెవికెక్కలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం అమ్మ ఫోను చేస్తుంది.

వాళ్ళమ్మ సరుకుల ఓడలో వంట చేస్తుంది. ఓడ నడిసముద్రంలో ఉంటే ఫోను కలవదు. ఏదైనా రేవుకు దగ్గరైతేనే, అదీ కాసేపే. వెళ్ళేటప్పుడు అమ్మ, "నేనొచ్చేసరికి నాతో ఇంగ్లీషులో గడగడా మాట్లాడాలి," అంది. ఆ మాటను వసపిట్ట మనసులో మూటగట్టుకుంది.

మనసులో ఇంకోటి కూడా ఉంది. అమ్మ వదిలి వెళ్ళిన పసుపుపచ్చ చున్నీ. రోజూ దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది. దానికి అమ్మ తలనూనె వాసన, కాస్త వంటింటి వాసన. మొన్న అమ్మమ్మ, మాసిపోయిందని దాన్ని శుభ్రంగా ఉతికేసింది. ఇప్పుడు సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచి వసపిట్టకు కంటిమీద కునుకు లేదు. అమ్మతో చెప్పాలి. ముందు ఇంగ్లీషు, తర్వాత చున్నీ సంగతి, అనుకుంది.

ఫోను మోగింది. అమ్మమ్మ తీసి అందించింది.

"తల్లీ, ఎలా ఉన్నావే? బాగా నిద్రపోతున్నావా?"

"ఉండమ్మా, ముందిది విను," అని వసపిట్ట గొంతు సవరించుకుంది. స్కూలు, కిటికీలు, తలుపులు. మోరోవర్ వెంట ఫర్దర్‌మోర్ పరుగెత్తింది. మధ్యలో అమ్మ, "తల్లీ, ఒక్క మాట," అంది.

"ఇంకా అవలేదమ్మా. కాన్సిక్వెంట్లీ..."

ఫోనులో గరగరమంది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. మళ్ళీ చేస్తే కలవలేదు.

వసపిట్ట ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుండిపోయింది. అమ్మ గొంతు ఎంతసేపు వింది? కిటికీల గోల లేకపోతే ఇంకాస్త వినేది. ఇంగ్లీషు వద్దు, క్లిప్పులు వద్దు, అమ్మ కావాలనిపించింది. ఎంత గట్టిగా అనిపించిందంటే, అన్నం కూడా సయించలేదు.

మర్నాడు పొద్దున డాబా ఎక్కి, గెలుచుకొచ్చిన క్లిప్పులను ఖాళీ తీగకు ఒక్కొక్కటే పెడుతూ నిలబడింది. అమ్మమ్మ తడిబట్టల బకెట్టుతో వచ్చి చూసింది.

"ఏమే, ఒట్టి తీగకి అన్ని క్లిప్పులెందుకు? ఏం ఎగిరిపోతుందని?"

వసపిట్ట ఇంకో క్లిప్పు పెట్టింది.

"నువ్వు నోరు మూసుకున్నావంటే ఇవాళ వాన పడేలా ఉంది. నా బట్టలు ఆరినట్టే," అంటూ అమ్మమ్మ దుప్పటి తీసి ఆరేసింది.

గాలికి అది ఎగరబోయింది. వసపిట్ట గబుక్కున ఒక క్లిప్పు ఈ చివర, ఒకటి ఆ చివర పెట్టింది. దుప్పటి నిలిచింది. మిగతా క్లిప్పులు పనీపాటా లేకుండా తీగమీద ఊగుతున్నాయి. వసపిట్ట వాటి వంకే చూసింది. మాటలతో ఏం చెప్పాలో ఆలోచించమని టీచర్ అన్న రెండో వాక్యం ఇప్పుడు చెవికెక్కింది.

"అమ్మమ్మా, అమ్మ చున్నీలో వాసన పోయింది," అంది మెల్లగా.

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి. "అయ్యో, నాకు తట్టనేలేదే. మరి చెప్పలేదేం?"

"నువ్వు మంచికే కదా ఉతికావు. అందుకని."

అమ్మమ్మ తడిచేతులతోనే దగ్గరకు తీసుకుంది. "నాకూ అంతేనే. మీ అమ్మ గొంతు వినకపోతే ముద్ద దిగదు. నిన్న నేనూ ఓ మాట మాట్లాడదామనుకున్నాను."

వసపిట్ట తల దించుకుంది. అమ్మమ్మ ఫోను పక్కనే నిలబడి ఉండటం నిన్న చూసింది కూడా.

ఓడ ఇంకో రేవు చేరడానికి చాలా రోజులు పట్టింది. ఫోను మోగేసరికి వసపిట్ట ఒళ్ళో చున్నీ ఉంది.

"తల్లీ, ఆ రోజు నీ ఇంగ్లీషు సగంలో ఆగిపోయింది. మిగతాది చెప్పవే," అంది అమ్మ.

"అది వద్దమ్మా. కొత్తది చెప్తా. చిన్నదే."

వసపిట్ట ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, ఐ యామ్ యాంగ్రీ విత్ యూ. యూ వెంట్ సో ఫార్. నెవర్‌దిలెస్..."

అక్కడ ఆగి ఒళ్ళోని చున్నీని గుప్పిట పట్టింది. నెవర్‌దిలెస్ అంటే 'అయినా సరే' అని టీచర్ ఎన్నోసార్లు చెప్పారు. అది ఎంత పెద్ద మాటో వసపిట్టకు ఇప్పుడే తెలిసింది.

"నెవర్‌దిలెస్, కమ్ సూన్."

అవతల అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"చున్నీలో నీ వాసన పోయిందమ్మా. వచ్చేటప్పుడు ఇంకోటి తీసుకురా. ఉతక్కుండా."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "సరే తల్లీ. ఇవాళ్టి నుంచే ఒకటి నా తలకింద పెట్టుకుంటా."

వసపిట్టకు ఇంకా బోలెడు చెప్పాలని ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పక్కన కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ అమ్మమ్మను చూసింది.

"ఉండమ్మా, అమ్మమ్మ మాట్లాడుతుంది," అని ఫోను ఆవిడ చేతిలో పెట్టింది.