చివరి కూత మీద తగువు

రెండో శనివారం కావడంతో జ్ఞానరాజుకి బడి లేదు. తీరిగ్గా ఇడ్లీ పిండి కలుపుతున్నవాడు గేటు చప్పుడు విని నవ్వుకున్నాడు. పొద్దున్న ఏడింటికి చెప్పాపెట్టకుండా వచ్చేది బావమరిది జోసఫ్ రాజు ఒక్కడే. వెనకాలే అతని భార్య దయావతి, చేతిలో అల్లం పచ్చడి గిన్నె. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో జ్ఞానరాజు ఇంట్లో పచ్చడి లేని రోజు లేదు. అడక్కుండానే అందే ఇలాంటివాటిని అతను మర్చిపోడు.

"ఏటి బావా, ఇంకా ఇడ్లీ దిగనేదా?" అంటూ జోసఫ్ రాజు కుర్చీ లాక్కున్నాడు. "సర్లే. నిన్న ఎక్కడ ఆపాం? అవతల ముగ్గురున్నారు. ముగ్గురుంటే?"

"ముగ్గురుంటే ముట్టకూడదు," అన్నాడు జ్ఞానరాజు.

ఈ ఒక్క మాట మీద అయిదు రోజులుగా తగువు నడుస్తోంది. మొన్న సోమవారం డిగ్రీ కాలేజీ అమ్మాయిల కబడ్డీ ఫైనల్. జ్ఞానరాజు కూతురు దీనా కెప్టెన్. ఇంకో ముప్పై సెకన్లలో ఆట ముగుస్తుందనగా ఆమె జట్టు ఒక్క పాయింటు ముందుంది. కూత దీనాది. అవతల మిగిలింది ముగ్గురే. గీత దాటి అటూ ఇటూ కదులుతూ, ముప్పై సెకన్లు కరగబెట్టి ఉత్త చేతులతో తిరిగొస్తే కప్పు వాళ్ళదే. దీనా అలా రాలేదు. మూలనున్న అమ్మాయిని ముట్టబోయి చీలమండ దొరకనిచ్చేసింది. ముగ్గురే ఉన్నప్పుడు కూతకొచ్చినవాళ్ళని పట్టేస్తే రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

"ఉత్త సేతుల్తో తిరిగొచ్చీడం కూడా ఓ ఆటేనా?" అన్నాడు జోసఫ్ రాజు.

"గెలిచే ఆట."

"భయపడే ఆట. లెక్కల మాస్టారివి కదా, నీకు కూడికలూ తీసివేతలే కనపడతాయి. అవతలోళ్ళు బెదిరిపోయున్నప్పుడే కొట్టాలి బావా!"

"కొడితే ఏమైందో చూశావుగా."

"మీరిద్దరూ ఏనాడైనా బరిలోకి దిగారేటి?" అంది దయావతి ప్లేట్లు తుడుస్తూ. "ఈయనకి డాబా మెట్లెక్కితేనే కూత ఆగిపోద్ది. తగువుకి మాత్రం ముందుంటాడు."

అప్పుడే దీనా గదిలోంచి బయటికొచ్చింది. జ్ఞానరాజు చూపు ఆమె బట్టల మీద పడింది. ఇంట్లో వేసుకునే పాత చుడీదారు. ఆ మధ్యాహ్నం విశాఖలో యూనివర్సిటీ జట్టుకి సెలక్షన్లు. తొమ్మిదింటి బస్సెక్కాలి.

"బ్యాగు సర్దుకోలేదేమ్మా?"

"నేనెల్లట్లేదు నాన్నా."

ఇడ్లీ కుక్కర్ మీద మూత అలాగే పట్టుకుని నిలబడిపోయాడు జ్ఞానరాజు. మూడేళ్ళుగా ఆ పిల్ల తెల్లవారకముందే లేచి గ్రౌండుకి పరిగెత్తింది ఈ ఒక్క రోజు కోసమే.

"ఓడిపోతే మానేస్తారా? కాస్త నిదానం నేర్చుకుంటే..."

"నిదానం, నిదానం!" దీనా గొంతు లేచింది. "అయిదు రోజుల్నించి టీ తాగినా అదే, అన్నం తిన్నా అదే. నాకు తెల్దా? కోచ్ మేడమ్ కూడా ఉత్త కూతే సెప్పారు. సగం వరకూ అదే సేశాను."

"మరి ఎందుకు ముట్టబోయావు?"

దీనా ఏదో చెప్పబోయి ఆగింది. తండ్రి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

దయావతి నిట్టూర్చింది. "సాలా ఇద్దరికీ? పిల్లని ఏడిపించీశారు."

"నేను పిల్ల పక్కే కదా!" జోసఫ్ రాజు ఉడుక్కుంటూ సెల్లు తీశాడు. "ఇదిగో, ఆ రోజు నేను తీసిందే. మూలనున్న పిల్ల తూలిపోతంది. సూడు బావా, అప్పుడు ముట్టాలనిపించడం తప్పేటి? ఇన్నాళ్ళూ సౌండు ఆపేసి సూశాను గానీ, ఉండు, పెడతాను."

చిన్న తెర మీద దీనా గీత దాటింది. ఎడమకి రెండడుగులు, కుడికి రెండడుగులు. జనం హోరు. ఉన్నట్టుండి ఆ హోరుని చీల్చుకుంటూ, సెల్లుకి దగ్గర్లోంచి ఒక బొంగురు కేక. "ముట్టు దీనా! ముట్టెయ్యమ్మా!"

బరిలో దీనా తల గ్యాలరీ వైపు తిరిగింది. మరుక్షణం కాలు మూల వైపు చాపింది.

"ఎవడా వెధవ?" అన్నాడు జ్ఞానరాజు మండిపడుతూ. "పిల్లని పాడుచేసింది వాడే!"

జోసఫ్ రాజు తల దించుకున్నాడు. దయావతి మెల్లగా అంది. "అన్నయ్యా, అది మీ గొంతే."

మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. మూడోసారి అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం గొంతు మండుతుంటే గ్రౌండు దుమ్ము అనుకుని ఉప్పు నీళ్ళు పుక్కిలించాడు. అంతే గుర్తుంది.

తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. దీనా మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"నీకు వినపడింది కదూ?"

తలూపింది.

"చెప్పలేదేమ్మా?"

"నీకు గుర్తు లేదని తెలిసిపోయింది నాన్నా. సెప్తే నువ్వు అన్నం మానేసి కూకుంటావు."

జ్ఞానరాజు ఆమె పక్కన కూలబడ్డాడు. "నా వల్ల ఓడిపోయావు."

"అది కాదు నాన్నా." దీనా కళ్ళు తుడుచుకుంది. "అమ్మ పోయాక నువ్వు గట్టిగా ఓ మాటనడం నేనినలేదు. టీవీ కూడా సౌండు తగ్గించీ పెడతావు. అలాంటిది అంతమంది జనంలో నా పేరెట్టి అరిశావు. నాకు ఒళ్ళు తేలిపోయింది. పట్టేశాక కింద పడి కూడా లోపల సంతోషమే. ఇంటికొచ్చాక రోజూ నువ్వే అది తప్పు, తప్పు అంటన్నావు. ఆ కేక కూడా తప్పే అన్నట్టుంది. ఇంక నాకు ఆడబుద్ధి కాలేదు."

జ్ఞానరాజు కూతురి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"ముట్టడం తప్పేనమ్మా. ముగ్గురున్నారు."

దీనా ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"కేక మాత్రం తప్పు కాదు," అన్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి. తుడుచుకోలేదు.

"ఎనిమిదిన్నరయింది, బేగి రండి!" బయటనుంచి దయావతి కేకేసింది. ఆమె అప్పటికే ఇడ్లీలు డబ్బాకెత్తేసింది. జోసఫ్ రాజు బండి తియ్యబోయాడు. ఒక బండి మీద నలుగురు పట్టరు కాబట్టి బస్టాండుకి ఆటో పిలిచారు.

మధ్యాహ్నం విశాఖ గ్రౌండులో, సిమెంటు మెట్ల మీద జ్ఞానరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పక్కన జోసఫ్ రాజు గుసగుసలాడాడు. "ఇప్పుడేటి బావా? ముట్టమందామా, వచ్చీమందామా?"

దీనా కూతకి బయల్దేరింది. గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, మెట్ల వైపు చూసింది.

అతను లేచి నిలబడ్డాడు. ముట్టమని గానీ, తిరిగొచ్చెయ్యమని గానీ అనలేదు. మెట్ల మీదున్న జనమంతా తన వైపు తిరిగి చూసేలా, కూతురి పేరు మాత్రం గొంతెత్తి పిలిచాడు.