దేశదేశాల తాయారు చెయ్యి

ఆత్రేయపురంలో తాయారు బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండమీద అలా పరిచి ఇలా తీసింది. అదే క్షణంలో సియోల్‌లో, నైరోబీలో, లిస్బన్‌లో మిఠాయి కొట్లలో ఉక్కు చేతులు కూడా అలాగే పరిచి తీశాయి. అన్నిచోట్లా వెన్నెల పొరలాంటి పూతరేకు లేచింది. ఆమె పొయ్యి వెలిగించే వేళకే ఇప్పుడు అక్కడ కొట్లు తెరుస్తున్నారు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త సూరిబాబుకి కడుపు మండిపోయింది. పెళ్లై ఏడాది తిరగలేదు. ఆ చేతుల్ని చూసే కదా తను మనసు పారేసుకున్నది!

"ఏం మేడం, మా ఆవిడ చెయ్యి ఊరందరికీ పంచేస్తున్నారా?"

ఆ ఉక్కు చేతుల్ని నడిపే మెషిన్ పొయ్యి పక్కనే ఉంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ నజీమా నవ్వింది. "ఆవిడ తొడుక్కున్న గ్లవ్‌లో సెన్సర్లున్నాయి సూరిబాబు గారూ. వేలు ఎంత వంగిందో, ఎంత మెత్తగా తాకిందో శాటిలైట్‌కి చెబుతాయి. అక్కడి చెయ్యి అదే చేస్తుంది. గ్లోబలైజేషన్‌లో ముందు సరుకులు ఓడెక్కాయి. తర్వాత డబ్బు, ఆ తర్వాత పాటలు, బట్టలు, తిండి అలవాట్లు దేశాలు దాటాయి. మనిషి స్పర్శ ఒక్కటే ఇంట్లో మిగిలింది. ఇప్పుడు అదీ బయల్దేరింది."

"దాన్నన్నా ఉండనివ్వాల్సింది."

"అబ్బో, ఉక్కు చేతులమీద కూడా కుళ్లేనా!" అంది తాయారు తలెత్తకుండానే.

సూరిబాబుకి ఉక్రోషం వచ్చింది. పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. తాయారు తన మనిషేనని ఆ మేడం ముందే తేలిపోవాలి. "ఒకటి నా నోట్లో పెట్టు. నీ చేత్తో."

తాయారు చెవులదాకా ఎర్రబడింది. నెయ్యీ బెల్లం వేసి చుట్టిన పూతరేకు అతని నోటికందించి, పెదవి అంచున అంటిన పొడిని బొటనవేలితో తుడిచింది. సూరిబాబు ప్రపంచాన్ని గెలిచినంత సంబరపడ్డాడు.

గ్లవ్ తియ్యాలని ఇద్దరికీ తోచలేదు.

మర్నాటికి అక్కడి కొట్లు జనంతో కిటకిటలాడాయి. పొట్లం కట్టించుకు పోయేవాళ్లే లేరు. అందరికీ ఆ చెయ్యే తినిపించాలి, ఆ బొటనవేలే తుడవాలి. లిస్బన్‌లో ఒక ముసలాయన ఏడ్చేశాడట.

"ఎదురుగా మీరుంటేనే ఆ చేతికి మెత్తదనం వస్తోంది. రోజూ కూర్చోండి," అని బతిమాలింది నజీమా. కాదంటే ఆ పీటమీద ఇంకెవర్ని కూర్చోబెడతారోనని సూరిబాబు వెంటనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడతను పొద్దుటినుంచి సాయంత్రందాకా నోరు తెరుస్తూనే ఉంటాడు. "గడ్డం కాస్త దించండి, సియోల్‌వాళ్లకి ముక్కుకి తగులుతోందట," అంటుంది తాయారు, మెషిన్‌మీది పచ్చ లైటు వంక చూస్తూ.

ఆదివారం మెషిన్‌కి సెలవు. మధ్యాహ్నం అన్నం పళ్లెం ఆమె ముందుకు జరిపి, సూరిబాబు ఆశగా నోరు తెరిచాడు.

"ఇవాళ ఆదివారమండీ," అంది తాయారు, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.