భుజమెత్తు కర్ర

"కదలకండి, పడిపోతాను," అందావిడ నా భుజం పట్టుకుని.

నేను కదల్లేదు.

"పలకొచ్చు కదా. మనిషా, గోడా?"

నేను వడ్రంగిని. మా ఆవిడ పోయాక మాటతో పని పడలేదు. నడుం నొప్పికి పరీక్ష చేస్తే ఎముకలు గుల్లబారాయన్నారు. మందులు తర్వాత చూద్దాం, ముందు ఎండలో నడవండి, పార్కులో వ్యాయామం క్లాసుకి వెళ్ళండి అంది డాక్టరమ్మ.

నా భుజం పట్టుకున్నావిడదీ అదే జబ్బు. బతుకంతా నీడపట్టున మిషను కుట్టింది. జారిపడితే మణికట్టు పుటుక్కున విరిగింది. అందరూ మిషనమ్మ అంటారు.

టీచరమ్మ మమ్మల్ని జంట చేసింది. నా భుజం ఆసరాగా ఆవిడ మడమలెత్తి దించాలి. తర్వాత ఇద్దరం ఒంటికాలి మీద నిలబడాలి.

"నువ్వులు తింటున్నారా?"

"ఊఁ."

"ఆకుకూరలు?"

"ఊఁ."

"అబద్ధాలా?"

"ఊఁ."

ఆవిడ నవ్వుకి ఇద్దరం ఊగిపోయాం.

ఇంట్లో ఆ నవ్వుండదు. గూట్లో ఒక్క గ్లాసుంటుంది.

వానలు పట్టుకున్నాయి. క్లాసు ఆగింది. "ఇంట్లో పట్టుకోడానికి గోడకో కర్ర బిగించరూ?" అని ఆఖరి రోజు ఆవిడ అడిగింది. మంచి టేకు ముక్క చూసి, చిత్రిక పట్టి, ఆవిడ బజారుకెళ్ళినప్పుడు, వాళ్ళమ్మాయి తలుపు తీస్తే, బిగించి వచ్చాను.

వచ్చాక తెలిసింది. ఇక నా భుజంతో ఆవిడకి పనిలేదు. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

వానలు వెలిసి క్లాసు మొదలైంది. ఆవిడ రాలేదు. టీచరమ్మ నా పక్కన కుర్చీ వేసింది. దాన్ని పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేవాణ్ణి. కుర్చీ నన్నేమీ అడిగేది కాదు.

ఒక పొద్దున ఆవిడ నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మాయికి జ్వరం, అందుకే రాలేదు. అది సరే వడ్రంగి గారూ, కర్ర నడుమెత్తున ఉండాలి కదా. అంత పైన బిగించారేం? చెయ్యి లాగేస్తోంది. ఇన్నేళ్ళ పనితనం ఇదేనా?"

తల వంచుకున్నాను. కర్ర బిగించిన రోజు కొలత టేపు తియ్యలేదు. గోడకి నా భుజం ఆనించి గీత గీశాను.

"మీ చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేది," అన్నాను.

ఆవిడ నా భుజం వంక, తన అరచెయ్యి వంక చూసుకుంది.

"కిందకి దించమంటారా?"

"వద్దు. తువ్వాళ్ళు ఆరేసుకుంటాను." కుర్చీని కాలితో పక్కకి నెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది. "కదలకండి."

"కదలను," అన్నాను.