ఒక్క కంటి కన్నీళ్ళు

"నిజాం బోర్డర్ చీరలున్నాయా?"

"ఉన్నాయి. కానీ రంగు దిగుతుంది."

మంగళగిరిలో ఏ చీరల కొట్టువాడూ కలలో కూడా అనని మాట అది. అందుకే కోడ్‌వర్డ్‌గా పెట్టారు. కౌంటర్ ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు అది విని, బేరమాడుతున్న చీరలు అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయారు. ఇలాంటి తెలివితేటలతో డిపార్ట్‌మెంట్ ఇంకా ఎలా నడుస్తోందా అనుకుంటూ ఏజెంట్ జయపాల్ మెట్లెక్కాడు.

మేడమీద గదిలో చీఫ్ యలమందయ్య ఫ్యాను కింద కూర్చుని సోడా తాగుతున్నాడు.

"మిరప విత్తనాలయ్యా" అన్నాడు ఉపోద్ఘాతం లేకుండా. "నల్ల తామరపురుగుని తట్టుకునే రకం. డాక్టర్ బిందుమాధవి గారు పన్నెండేళ్ళు కష్టపడి తయారుచేశారు. మొన్న దొంగలు పడి గుప్పెడు గింజలు ఎత్తుకుపోయి, మిగతా స్టోరంతా తగలబెట్టారు. ఇక లోకంలో మిగిలింది ఆ గుప్పెడే."

జయపాల్‌ది ప్రత్తిపాడు పక్క పల్లె. తల్లి ఆదెమ్మ మిరపకోతకెళ్ళి చదివించింది. ఆ పురుగు పడ్డాక ఊళ్ళో సగం చేలలో కోతే లేదు.

"కొనేది విదేశీ ముఠా. సరుకు చేతులు మారేది రేపు, ఇక్కడి ఫంక్షన్ హాల్లో. గేమింగ్ కన్వెన్షన్."

"అంటే ఏం గేమ్ సార్?"

"బల్ల చుట్టూ కూర్చుని నేను మాంత్రికుణ్ణి, నువ్వు రాక్షసుడివి అని చెప్పుకుంటారట. ఎవడు బతకాలో ఎవడు చావాలో డైస్ వేసి తేల్చుకుంటారట."

"చిన్నపిల్లలా?"

"ఇంజనీర్లు."

జయపాల్ నిట్టూర్చాడు.

"మన డబుల్ ఏజెంట్ తేజశ్రీ లోపల ఉంటుంది. ముఠాలో ఉంటూనే మనకు కబుర్లందిస్తోంది. సరుకు ఎవడి దగ్గరుందో తనే చూపిస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. తుపాకీ తీయకు, అరవకు. దొరికిపోతామనిపిస్తే గింజల్ని మరిగే నీళ్ళలో పడెయ్యమని వాళ్ళకి ఆర్డర్. ఉడికిన గింజ మొలవదు."

ఫంక్షన్ హాల్లో ముందురోజు పెళ్ళి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కింద ఏడెనిమిది వందలమంది. అట్ట కిరీటాలు, థర్మోకోల్ గొడ్డళ్ళు, బెడ్‌షీట్ అంగీలు. ఏసీ ఎప్పుడో చేతులెత్తేసింది. ఒకడు నడినెత్తిన కొమ్ములు పెట్టుకుని బిర్యానీ పొట్లం కోసం క్యూలో తోసుకుంటున్నాడు. ఇంకొకతను, గడ్డం నెరిసిన పెద్దమనిషి, తన గుర్రం చచ్చిపోయిందని పక్కవాడి భుజం మీద తలవాల్చాడు. ఆ గుర్రం ఎక్కడా లేదు, నోటిమాట గుర్రం.

"సిగ్గూ ఎగ్గూ లేని జాతి" అనుకున్నాడు జయపాల్. అలా అనుకున్న మనిషి ఒంటిమీద తెనాలి నాటక కంపెనీ నుంచి అద్దెకు తెచ్చిన ముని వేషం ఉంది. తెల్ల గడ్డం దురద పెడుతోంది. జేబులో దొంగపేరుతో గుర్తింపు కార్డు ఉంది. కానీ అది ఉద్యోగం కాబట్టి అతనికి సిగ్గనిపించలేదు.

చెవిలో ఇయర్‌పీస్ గరగరమంది. చీఫ్ గొంతు వస్తుందనుకుంటే, కింద కొట్లో ఎవరో జాకెట్టు ముక్కకి బేరమాడటం వినిపించింది.

తేజశ్రీ టేబుల్ మూలన ఉంది. నల్ల పట్టుచీర, కళ్ళనిండా కాటుక, ముందు ఓ అట్ట తెర. ఆమె గేమ్ మాస్టర్, అంటే కథ నడిపించే మనిషి. ఆమె మోచేతి దగ్గర ఎలక్ట్రిక్ కెటిల్‌లో టీకి నీళ్ళు కాగుతున్నాయి. జయపాల్ కుర్చీ లాక్కుంటుంటే ఒంగి, "ఆ లావాటాయన. చెక్కకత్తి లోపల బోలు" అని గొణిగింది.

లావాటాయన పేరు ప్రేమ్‌చంద్. తాడేపల్లిలో సాఫ్ట్‌వేర్ మనిషి, ఇక్కడ మాత్రం మరుగుజ్జుల మహారాజు. అతని పక్కన హెలెన్ అని గుంటూరులో బీఎస్సీ చదివే పిల్ల, ఆమె స్నేహితురాలు ఒకతె. చివర్న ఫ్రెడ్రిక్ అనే తెల్లవాడు, రెండు రబ్బరు చెవులు తగిలించుకుని. అతను నోరు తెరిస్తే చాలు, ప్రేమ్‌చంద్ "సూపర్ సర్, వావ్ సర్" అంటూ వంగిపోతున్నాడు. తెల్లతోలు కనిపిస్తే మనవాళ్ళ వెన్నెముక ఎక్కడికి పోతుందో జయపాల్‌కి ఎన్నేళ్ళయినా అర్థం కాలేదు.

"అన్నయ్యా, మీ పాత్ర పేరేంటి?" అంది హెలెన్.

"ఏదో ఒకటి రాసుకోమ్మా."

ఆ పిల్ల నిజంగానే 'ఏదోఒకటి' అని రాసుకుంది. మధ్యాహ్నమంతా ఏదోఒకటి అడవుల్లో తిరిగాడు, వంతెనలు దాటాడు, తొండలాంటి దేనితోనో యుద్ధం చేశాడు. జయపాల్ కళ్ళు మాత్రం చెక్కకత్తిని వదల్లేదు. ఆఖరికి పెన్సిల్ కింద పడేసి, తీసుకునే నెపంతో దాన్ని వేలితో తట్టి చూశాడు. గట్టి టేకు. బోలూ లేదు, గీలూ లేదు.

ఏదో తేడా కొట్టింది.

అప్పటికి కథ ఆఖరి ఘట్టానికొచ్చింది. గుహలో డ్రాగన్ నిప్పులు కక్కింది. అందరూ చావాల్సిందే.

"ఇప్పుడు ఒక్కొక్కరూ మీ ఆఖరి మాటలు చెప్పాలి" అంది తేజశ్రీ. "ఎవరి చావు గొప్పగా ఉందో మీరే ఓటెయ్యండి. ఎవరి ఓటు వాళ్ళకి వేసుకోకూడదు. గెలిచినవాళ్ళకి ఈ డబ్బా బహుమతి." గాజు డబ్బా మూత తీసి, కుంకుడుకాయంత ఎర్రటి డైస్ ఒకటి పైకెత్తి చూపించింది. అలాంటివి ఏడున్నాయి. మళ్ళీ లోపల పెట్టి, వేలికొసతో కుడికంటి కాటుక సర్దుకుంది.

కాసేపటికి ఆమె కాటుక చెంపమీదికి కారింది.

"చూడు, మనకోసం ఏడుస్తున్నారు!" అంది హెలెన్ స్నేహితురాలు. ప్రేమ్‌చంద్ గుండెమీద చెయ్యేసుకున్నాడు. చుట్టుపక్కల టేబుళ్ళవాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకుని మూగారు.

జయపాల్ ఆ కన్నీళ్ళు చూశాడు. కుడికంట్లోనే కారుతున్నాయి. ఎడమకన్ను పొడిగా ఉంది. దుఃఖం వస్తే రెండు కళ్ళూ ఏడుస్తాయి. మిరపగింజ ముట్టుకున్న వేలు తగిలితే తగిలిన కన్నే ఏడుస్తుంది. ఇది అతనికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఈవిడే ముఠా తరఫున గింజలు డైస్‌లో కూరి, ఆ చేతులు సరిగ్గా కడుక్కోకుండానే వచ్చి కూర్చుంది.

కెటిల్ టీకోసం కాదనీ, ఈ బహుమతి సరుకుని ఫ్రెడ్రిక్ చేతికి దాటించే నాటకమనీ అప్పుడర్థమైంది. చెయ్యి వేస్తే గింజలు గంగలో కలుస్తాయి. డబ్బా తన చేతికి రావాలంటే ఒకటే దారి. అది తలుచుకుంటేనే అతనికి కంపరమెత్తింది. ఈ పిచ్చి ఆట గెలవాలి.

ఫ్రెడ్రిక్ ముందు చచ్చాడు. నక్షత్రాల గురించీ మంచుకొండల గురించీ ఇంగ్లీషులో పావుగంట చచ్చాడు. ప్రేమ్‌చంద్ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ప్రేమ్‌చంద్ చచ్చాడు, ఆడపిల్లలిద్దరూ చచ్చారు. జయపాల్ వంతొచ్చింది.

తొమ్మిదేళ్ళ సర్వీసులో అబద్ధాలు వెయ్యి చెప్పాడు, ఒక్కటీ గుర్తురాలేదు. గడ్డం పీకి బల్లమీద పెట్టాడు.

"నేను యోధుణ్ణి కాదు. మిరపకోతకెళ్ళే ఆదెమ్మ కొడుకుని" అన్నాడు. "చిన్నప్పుడు నేనేడిస్తే మా అమ్మ చేత్తో ముఖం తుడిచేది కాదు. ఆ చెయ్యి తగిలితే నా కళ్ళు మండుతాయని. మోచేత్తో తుడిచేది, లేకపోతే కొంగుతో. చర్చిలో మిగతా తల్లులు పిల్లల బుగ్గలు నిమురుతుంటే నాకు కుళ్ళుగా ఉండేది. మొన్న పండక్కెళ్తే మా అమ్మ నా ముఖం రెండు చేతుల్తో పట్టుకుంది. మండలేదు. చేలో కాయ లేదు, మూడేళ్ళనుంచీ పని లేదు. ఆ చేతుల్లో కారం పోయింది." ఆగాడు. "మళ్ళీ మండాలమ్మా నీ చేతులు. అంతే. ఇక చచ్చిపోయాను."

మరుగుజ్జుల మహారాజు ముక్కు చీదుకున్నాడు. ఈసారి రెండు కళ్ళూ ఏడుస్తున్నాయి.

"మా ఊరు కూడా మిర్చే అన్నా. మా నాన్న ఈ ఏడాది మొత్తం దున్నేశాడు" అన్నాడు. "సారీ ఫ్రెడ్రిక్ సర్. నా ఓటు ఏదోఒకటికే."

ఆడపిల్లల ఓట్లూ అటే పడ్డాయి. ఫ్రెడ్రిక్ రబ్బరు చెవులు పీకి తేజశ్రీ వైపు చూశాడు. ఆమె ఒక్క కన్నుతో నవ్వుతూ డైస్‌లు దోసిట్లో పోసుకుంది.

"మా సంప్రదాయం ఒకటుంది. ముందు వేణ్ణీళ్ళతో శుద్ధి చేస్తాం..."

కెటిల్ మూత లేచింది. జయపాల్ బల్లమీద నుంచి దూకబోయి, అద్దె అంగీ కాళ్ళకడ్డం పడి బోర్లా పడ్డాడు. అంతలో హెలెన్ తేజశ్రీ మణికట్టు పట్టేసింది.

"ఏంటండీ మీరు! గెలిచినోళ్ళ డైస్ ఇంకోళ్ళు ముట్టుకుంటే దాని అదృష్టం పోద్ది! గేమ్ మాస్టర్ అయ్యుండి ఆ మాత్రం తెలీదా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా అరిచారు. కొమ్ములవాడు బిర్యానీ వదిలేసి మరీ అరిచాడు. ఏడు డైస్‌లూ జయపాల్ ఒళ్ళోకి వచ్చిపడ్డాయి. మారువేషంలో బిర్యానీ పొట్లాలు కడుతున్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ ఏజెంట్లు గరిటెలు పక్కనపెట్టి, ఫ్రెడ్రిక్‌నీ తేజశ్రీనీ గుమ్మం దగ్గర పట్టుకున్నారు. డైస్ విప్పితే లోపల పత్తిలో చుట్టిన గింజలు, ఒక్కటి కూడా తడవకుండా ఉన్నాయి.

"కంటికి నీళ్ళు కొట్టకండి మేడం, ఇంకా మండుతుంది" అన్నాడు జయపాల్ ఆమెతో. "కొబ్బరినూనె రాయించుకోండి. జైల్లో ఇస్తారు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఇప్పుడొచ్చింది. "శభాష్! ఏ ఆయుధం వాడావయ్యా?"

జయపాల్ ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు.

మెట్ల దగ్గర హెలెన్ పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఏదోఒకటిని బతికించాలని ఓటేసుకున్నాం. వచ్చే ఏడు రెండో లెవెల్ నుంచి ఆడొచ్చు!"

డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిదేళ్ళుగా కదలని ప్రమోషన్, వీళ్ళ దగ్గర ఒక్క పూటలో వచ్చింది. కాకపోతే ముందు చావాల్సొచ్చింది.